కృతజ్ఞతే కర్తవ్యమైన జీవితం: పండిత రమాబాయి

పుణెకు తూర్పున ఉన్న కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నెలకొల్పిన ఆశ్రమం పేరు ముక్తి. ఆ పేరు వెనుక ఆమె జీవితానుభవం ఉంది. పాపం నుంచి తనకు విడుదల కలిగిందని విశ్వసించిన రమాబాయి, ఆ మేలుకు కృతజ్ఞతను ప్రార్థనతో సరిపెట్టలేదు. ఆదరణ లేని స్త్రీలను చేరదీయడమే ఆ రుణం తీర్చుకునే మార్గమని నమ్మారు.

ఆమె 1858లో పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో జన్మించారు. స్త్రీలకు సంస్కృతం తగదన్న ఆనాటి కట్టుబాటును కాదని తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్యకు ఆ భాష నేర్పారు. ఆ తల్లి లక్ష్మీబాయి వద్దే రమాబాయి విద్యాభ్యాసం సాగింది. పుణ్యక్షేత్రాలలో పురాణాలు వినిపిస్తూ ఆ కుటుంబం దేశమంతా తిరిగేది. 1870వ దశకంలో కరవు వాటిల్లినప్పుడు ఉన్నదంతా హరించుకుపోయి, తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులు తిని రోజులు గడపవలసి వచ్చింది. కొద్ది కాలంలోనే తల్లిదండ్రులు, అక్క కన్నుమూశారు.

అన్నతో కలిసి 1878లో కలకత్తా చేరిన ఆమె పాండిత్యానికి అక్కడి పండితులు ముగ్ధులై పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించారు. 1880లో అన్న మరణించారు. అదే ఏడాది ఆమె బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ దాస్‌ను కులాంతర వివాహం చేసుకున్నారు. 1882లో ఆయన కలరాతో మరణించగా, 23 ఏళ్ల వయసులో పసిబిడ్డ మనోరమతో మిగిలారు.

మరుసటి ఏడాది వైద్యవిద్య ఆశయంతో ఇంగ్లండు వెళ్లారు. సమాజం పతితలని ముద్ర వేసిన స్త్రీలకు లండన్‌లోని ఫుల్హమ్‌లో క్రైస్తవ సన్యాసినులు ఆదరంతో సేవ చేయడం ఆమెను ఆశ్చర్యపరిచింది. కారణం అడిగితే, క్రీస్తు సమరయ స్త్రీతో సంభాషించిన ఉదంతాన్ని వారు వినిపించారు. 1883 సెప్టెంబరులో కుమార్తెతో పాటు ఆమె బాప్తిస్మం పొందారు.

అయితే అప్పటికి తాను స్వీకరించింది మతాన్ని మాత్రమేనని, క్రీస్తును కాదని రమాబాయి తరువాత గ్రహించారు. తాను కూడా క్షమాపణ అవసరమైన పాపినేనన్న ఎరుక, ఆ క్షమాపణ ఉచితంగా లభించిందన్న ఆనందం 1891 ప్రాంతంలో కలిగాయని తన ఆత్మకథనంలో రాసుకున్నారు.

ఆ ఆనందానికి ఆమె మూల్యం చెల్లించవలసి వచ్చింది. బాల వితంతువుల కోసం 1889లో బొంబాయిలో ప్రారంభించి తరువాత పుణెకు తరలించిన శారదా సదన్‌లో మత ప్రమేయం ఉండదని ఆమె హామీ ఇచ్చారు. కానీ ఆమె ప్రార్థనలకు కొందరు బాలికలు హాజరు కావడం 1893లో పెద్ద వివాదమైంది. హామీ తప్పారని విమర్శకులు ఆక్షేపించారు. ఎవరినీ బలవంతపెట్టలేదని, ప్రార్థించేటప్పుడు తన గది తలుపు మూయలేనని ఆమె వాదన. రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సంస్థకు దూరమయ్యారు. అనేకులు తమ పిల్లలను తీసుకుపోయారు.

1896లో మధ్య పరగణాలలో కరవు సంభవించినప్పుడు తన బాల్యపు ఆకలి ఆమెకు గుర్తుకు వచ్చింది. స్వయంగా వెళ్లి సుమారు 300 మంది అనాథ బాలికలను, యువతులను తీసుకువచ్చారు. 1900 నాటి గుజరాత్ కరవు తరువాత ముక్తిలో ఆశ్రితుల సంఖ్య రెండు వేలకు చేరువైంది. చదువుతో పాటు నేత, ముద్రణ వంటి పనులు నేర్పారు. ఫుల్హమ్‌లో చూసిన సేవకు ప్రతిరూపంగా, వంచితలై వెలివేతకు గురైన స్త్రీల కోసం కృపా సదన్ వెలసింది.

చివరి సంవత్సరాలను బైబిలు అనువాదానికి అంకితం చేశారు. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుని, సామాన్య స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలో రాశారు. 1921లో మనోరమ మరణించినా ఆ పని ఆపలేదు. అనువాదం ముగించి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆమె నెలకొల్పిన ముక్తి ఆశ్రమం నేటికీ స్త్రీలకు, పిల్లలకు ఆశ్రయమిస్తోంది.