ఫాదర్ బ్రౌన్‌ను సృష్టించిన చెస్టర్టన్



పిల్లలు డిటెక్టివ్ నవల చదువుతుంటే మీకు కోపం వస్తుందా? మనలో చాలామంది ఒకప్పుడు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను క్లాసు పుస్తకంలో దాచుకుని చదివినవాళ్లమే. ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మీ అబ్బాయో అమ్మాయో క్యాబులో వెళుతూ అలాంటివే ఫోనులో చదువుతూ ఉండవచ్చు. హత్యల కథలు కథోలికులకెందుకని కోప్పడే ముందు జి.కె. చెస్టర్టన్‌గారి సంగతి కాస్త వినండి.

ఆయన 1874లో లండనులో పుట్టారు. చిత్రకళ నేర్చుకోబోయి పత్రికా రచయిత అయ్యారు. భారీ మనిషి, మహా మతిమరుపు. ఏదో ఊరిలో రైలు దిగి, తానెక్కడ ఉండాలో చెప్పమని భార్య ఫ్రాన్సెస్‌కు టెలిగ్రాం ఇచ్చారని చెప్పుకుంటారు. 1901 నాటికే ఆయన డిటెక్టివ్ కథలను సమర్థిస్తూ వ్యాసం రాశారు. కవులు కొండల్లో, అడవుల్లో చూసిన అందాన్ని ఈ కథలు నగరంలో చూపిస్తాయనీ, నగరంలో ప్రతి ఇటుకా ఒక మనిషి ఉద్దేశపూర్వకంగా పెట్టినదే గనుక దానికో అర్థం ఉంటుందనీ ఆయన వాదన. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి బండరాళ్ల మధ్య లేచిన అద్దాల మేడలను చూసి ఉంటే, రాత్రివేళ వెలిగే ఒక్కో కిటికీలో ఒక్కో కథ వెతికేవారేమో!

అసలు మలుపు యార్క్‌షైర్‌లో వచ్చింది. అక్కడ జాన్ ఓకానర్ అనే గురువుతో ఆయనకు స్నేహం కుదిరింది. ఒకరోజు నడుస్తూ మాట్లాడుకుంటుండగా, లోకంలోని నేరాల గురించి గురువుగారు చెప్పిన వాస్తవాలు విని చెస్టర్టన్ నిర్ఘాంతపోయారు. తరువాత వెళ్లిన ఇంట్లో ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు ఓకానర్‌గారితో ముచ్చటించి, ఆయన అటు వెళ్లగానే, నాలుగు గోడల మధ్య బతికే ఈ గురువులకు లోకంలోని చెడు ఏం తెలుసునని పెదవి విరిచారట! చెస్టర్టన్‌కు నవ్వాగలేదు. రోజూ పాపసంకీర్తనాలు వినే మనిషి ముందు ఆ విద్యార్థులే పసివాళ్లు.

అలా ఫాదర్ బ్రౌన్ పుట్టారు. పొట్టి మనిషి, గుండ్రని ముఖం, చేతిలో గొడుగు. ఆయన కథల తొలి సంపుటి 1911లో వచ్చింది. హంతకుణ్ణి ఎలా పట్టుకుంటారని అడిగితే, ఆ హంతకుడి మనసులోకి పూర్తిగా దూరి, ఆ హత్య తానే చేయగలనని తెలుసుకునేదాకా ఆలోచిస్తానని 1927 నాటి సంపుటిలో ఫాదర్ బ్రౌన్ చెబుతారు. ఆ కథల్లో గజదొంగ ఫ్లాంబో చివరికి పశ్చాత్తాపపడి తానే డిటెక్టివ్ అవుతాడు.

ఇంత రాసిన మనిషి అప్పటికి కథోలికుడు కాదు. 1922లో గాని శ్రీసభలో చేరలేదు. ఆయన ఉండే బీకన్స్‌ఫీల్డ్‌లో అప్పటికి కథోలిక దేవాలయం లేదు. హోటలుకు చెందిన రేకుల గదిలో ఆయనను చేర్చుకున్నవారు ఎవరనుకుంటున్నారు? ఆ ఓకానర్‌గారే! ఎందుకు చేరారని అడిగినవారికి, తన పాపాలు వదిలించుకోవడానికేనని చెప్పేవారు. ఫ్రాన్సెస్ మాత్రం మరో నాలుగేళ్లు ఆగి 1926లో చేరారు.

1930లో లండనులో నేర కథల రచయితలు పెట్టుకున్న డిటెక్షన్ క్లబ్బుకు ఆయనే మొదటి అధ్యక్షులు. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్ అందులో సభ్యులు. పాఠకుడికి ముఖ్యమైన ఆధారం దాచనని సభ్యులు ప్రమాణం చేయాలి. మరో సభ్యుడైన రోనాల్డ్ నాక్స్ కథోలిక గురువే. అతీత శక్తులతో చిక్కుముడి విప్పకూడదని అంతకుముందే నియమం రాసినది ఆయనే, చూడండి!

చెస్టర్టన్ 1936 జూన్ 14న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ కెథడ్రల్‌లో జరిగిన సంస్మరణ పూజలో ప్రసంగించినవారు నాక్స్‌గారే. మీ పిల్లలను ఫోనులో ‘బ్లూ క్రాస్’ అనే మొదటి కథ వెతికి పెట్టమనండి. ముందు మీరు చదవండి.