ఝాన్ పికార్

ఝాన్ పికార్ (1620 జూలై 21 - 1682) ఫ్రాన్సు దేశానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త, సర్వేక్షకుడు, క్రైస్తవ మతాచార్యుడు. ఆంగ్ల గ్రంథాల ద్వారా తెలుసుకొన్నవారు ఈయన పేరును జీన్ పికార్డ్ అని పలకడం కద్దు. భూమి పరిమాణాన్ని నమ్మదగిన రీతిలో కొలిచిన తొలి ఆధునిక శాస్త్రజ్ఞుడిగా ఈయన ప్రసిద్ధుడు. అంతగా ప్రచారంలోకి రాని మరొక కృషి కూడా ఈయనకు ఉంది. రెండు ప్రదేశాలలో ఏది ఎత్తు, ఏది పల్లం, ఎంత తేడా అనే ప్రశ్నకు జవాబు చెప్పే మట్టపు కొలతను, అనగా నేడు లెవెలింగ్ అని పిలిచే పనిని, ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినవారిలో ఈయన అగ్రగణ్యుడు. ఆ కొలత ఆధారంగానే ఒక మహారాజు తలపెట్టిన పెద్ద కాలువ పథకం ఆగిపోయింది.

తొలి జీవితం

పికార్ ఫ్రాన్సులోని లా ఫ్లెష్ పట్టణంలో జన్మించాడు. ఆ ఊరిలోని జెస్యూట్ కళాశాలలో చదువుకొన్నాడు. యౌవనంలో పారిస్ చేరి, ప్రసిద్ధ తత్వవేత్త, ఖగోళజ్ఞుడు అయిన పియెర్ గసెండికి సహాయకుడయ్యాడు. 1645లో సంభవించిన సూర్యగ్రహణాన్ని గసెండితో కలిసి పరిశీలించాడు. మతదీక్ష స్వీకరించి ఆంజూ ప్రాంతంలోని రియే మఠానికి అధిపతి అయినందున సమకాలికులు ఈయనను అబ్బే పికార్ అని వ్యవహరించేవారు.

1666లో పద్నాలుగవ లూయీ చక్రవర్తి మంత్రి కోల్బెర్ చొరవతో పారిస్‌లో రాజకీయ విజ్ఞాన పరిషత్తు ఏర్పడింది. దాని తొలి సభ్యులలో పికార్ ఒకడు. అప్పటికి ఈయన వయస్సు నలభై ఆరు సంవత్సరాలు. పేరు తెచ్చిన పనులన్నీ ఆ తరువాతి పదహారేళ్లలోనే జరిగాయి.

కొలత యంత్రాలకు దూరదర్శిని

గెలీలియో కాలం నుండి దూరదర్శిని ఆకాశవస్తువులను చూడడానికి ఉపయోగపడుతూనే ఉన్నది. కోణాలు కొలిచే యంత్రాలలో మాత్రం అప్పటికీ సూటి చూడడానికి చిన్న రంధ్రాలున్న లోహపు రేకులనే వాడేవారు. కంటితో చూచే సూటికి ఒక హద్దు ఉంటుంది. ఎంత పెద్ద యంత్రం నిర్మించినా ఆ హద్దును దాటడం సాధ్యం కాదు. పికార్, ఆయన సహచరుడు అద్రియాన్ ఓజూ కలిసి దూరదర్శినిలో ప్రతిబింబం ఏర్పడే చోట సన్నని అడ్డ, నిలువు తీగలను అమర్చి, దానిని తురీయ యంత్రానికి బిగించారు. తీగలు కలిసే బిందువుపై లక్ష్యం కనబడితే సూటి కుదిరినట్లు. అతి చిన్న కోణాలను కొలిచే సూక్ష్మమాపకాన్ని కూడా వీరిరువురూ మెరుగుపరచారు. ఇది చూపుకు చిన్న మార్పే అయినా భూమి కొలత, మట్టపు కొలత రెండూ దీనిమీదనే ఆధారపడి ఉన్నాయి.

భూమి కొలత

భూగోళంపై ఒక డిగ్రీ అక్షాంశానికి ఎంత దూరమో తెలిస్తే, దానిని 360తో గుణించి భూమి చుట్టుకొలతను పొందవచ్చు. అంత దూరాన్ని కొలబద్దలతో నేలమీద కొలవడం దుస్సాధ్యం. కనుక ఒక చిన్న దూరాన్ని మాత్రమే జాగ్రత్తగా కొలిచి, మిగిలినదంతా త్రిభుజాల కోణాల ద్వారా గణించే పద్ధతిని హాలండ్ దేశస్థుడు స్నెల్ అంతకు అర్ధశతాబ్దం ముందే అనుసరించాడు. ఆయనకు ఒక డిగ్రీకి సుమారు 107 కిలోమీటర్లు వచ్చింది. అది అసలు విలువ కంటె బాగా తక్కువ.

పికార్ 1669-70 సంవత్సరాలలో పారిస్‌కు దక్షిణాన ఉన్న మాల్వుజీన్ నుండి ఉత్తరాన ఆమియాన్ సమీపంలోని సూర్దాన్ వరకు త్రిభుజాల వరుసను నడిపాడు. విల్‌జ్విఫ్, జువిసీ గ్రామాల మధ్య తిన్నగా ఉన్న బాటపై కొయ్య బద్దలు పరచి కొలిచిన 5,663 తువాజులు (సుమారు 11 కిలోమీటర్లు) దీనికి ఆధారరేఖ. తువాజు అనేది ఆనాటి ఫ్రెంచి కొలమానం. ఇది సుమారు 1.949 మీటర్లకు సమానం. ఫలితంగా ఒక డిగ్రీకి 57,060 తువాజులు, అనగా సుమారు 111.2 కిలోమీటర్లు వచ్చింది. దీనిని బట్టి భూమి వ్యాసార్ధం సుమారు 6,372 కిలోమీటర్లు అవుతుంది. నేడు అంగీకరించిన సగటు విలువ 6,371 కిలోమీటర్లు. పికార్ కొలతలో జరిగిన కొన్ని చిన్న పొరపాట్లు ఒకదానినొకటి సరిపెట్టుకోవడం వలన కూడా ఇంత దగ్గరి విలువ వచ్చిందని తరువాతివారు కనుగొన్నారు. అయినా ఆ కృషి గొప్పతనానికి దాని వలన లోటు రాదు.

ఈ వివరాలను 1671లో గ్రంథంగా ప్రకటించాడు. కొలత ఎంత గొప్పదైనా కొలబద్ద పోతే దాని అర్థమూ పోతుందని పికార్ గుర్తించాడు. పారిస్‌లోని ప్రామాణిక తువాజునే 1668లో మార్చవలసి వచ్చింది. అందుచేత సెకనుకొకసారి ఊగే లోలకం పొడవును (సుమారు 99.4 సెంటీమీటర్లు) ప్రమాణంగా తీసుకోవాలని సూచించాడు. లోహపు బద్ద నశించినా ప్రకృతి నుండి దానిని తిరిగి రాబట్టవచ్చునన్నది ఆయన ఉద్దేశం.

న్యూటన్ 1687లో ప్రకటించిన ప్రిన్సిపియాలో పికార్ కొలతను ఉపయోగించాడు. భూమి పరిమాణం సరిగా తెలియకపోవడం వల్లనే న్యూటన్ తన గురుత్వ సిద్ధాంతాన్ని ఇరవై ఏళ్లు దాచి ఉంచాడనీ, పికార్ అంకె తెలిసిన పిమ్మట బయటపెట్టాడనీ పాఠ్యగ్రంథాలలో ఒక కథ ఉన్నది. చరిత్రకారులు దానిని పూర్తిగా అంగీకరించడం లేదు.

డెన్మార్కు ప్రయాణం

1671లో పికార్ డెన్మార్కు వెళ్లి, టైకో బ్రాహి వేధశాల ఉండిన వెన్ ద్వీపం ఖచ్చితమైన స్థానాన్ని నిర్ణయించాడు. టైకో పరిశీలనలను పారిస్ పరిశీలనలతో పోల్చడానికి ఇది అవసరమైంది. తిరుగు ప్రయాణంలో ఓలే రోమర్ అనే యువకుడిని వెంట తీసుకొని వచ్చాడు. కాంతికి నిర్ణీత వేగం ఉన్నదని 1676లో చూపించినవాడు ఈ రోమరే.

మట్టపు కొలత

నీరు పల్లమెరుగునని సామెత. ఆ పల్లం ఎటు ఉన్నదో మనిషి కంటికి మాత్రం నమ్మకంగా తెలియదు. నాలుగు మైళ్ల దూరంలోని పొలం మన కాలి కింది నేల కంటె ఎత్తో పల్లమో చూపుతో చెప్పబోయి మోసపోవడం సహజం. కాలువ త్రవ్వేవారికి ఈ పొరపాటు ప్రాణాంతకం. త్రవ్విన తరువాత గాని తప్పు బయటపడదు.

మట్టపు కొలత సూత్రం సులభమైనది. ఒక యంత్రం ద్వారా సరిగ్గా క్షితిజ సమాంతరమైన చూపురేఖను ఏర్పరచుకోవాలి. ముందొక చోట, వెనుకొక చోట అంకెలు గుర్తించిన కర్రలను నిలువుగా పట్టించాలి. చూపురేఖ వెనుక కర్రను ఆరు అడుగుల వద్ద, ముందు కర్రను నాలుగు అడుగుల వద్ద తాకితే, ముందున్న నేల రెండడుగులు ఎత్తు అన్నమాట. ఆ తరువాత యంత్రాన్ని ముందుకు జరిపి ఇదే పని మరల మరల చేస్తూ పోతే ఎంత దూరమైనా ఎత్తుపల్లాలను కూడికలు, తీసివేతలతో తెలుసుకోవచ్చు. నేటి సర్వే విద్యార్థి డంపీ లెవెల్‌తో చేసేది ఇదే.

కష్టమంతా ఆ చూపురేఖను సమాంతరంగా ఉంచడంలో ఉన్నది. మేస్త్రీలు వాడే రసమట్టాన్ని తెవెనో అనే ఫ్రెంచి పండితుడు 1661 ప్రాంతంలో కనిపెట్టినప్పటికీ, అప్పటి గాజు గొట్టాలు సూక్ష్మమైన పనికి చాలేవి కావు. పికార్ తూకం గుండునే నమ్ముకొన్నాడు. దూరదర్శినికి లంబంగా ఒక పొడవైన గొట్టాన్ని బిగించి, గాలి తగలకుండా అందులో సన్నని దారంతో గుండును వ్రేలాడదీశాడు. దారం గుర్తుపై నిలిచినప్పుడు దూరదర్శిని సమాంతరంగా ఉన్నట్లే. దారం ఎంత పొడవైతే అంత చిన్న వాలు కూడా తెలుస్తుంది. దూరదర్శినిలోని తీగల వలన దూరపు గుర్తు కూడా స్పష్టంగా కుదురుతుంది.

భూమి గుండ్రముగా ఉండడం వలన మరొక చిక్కు వస్తుంది. చూపురేఖ తిన్నగా పోతుంది, నీటిమట్టం భూమి వెంట వంగుతుంది. ఒక కిలోమీటరు దూరానికి ఈ తేడా సుమారు 8 సెంటీమీటర్లు మాత్రమే. ఇది దూరపు వర్గంతో పెరుగుతుంది గనుక పది కిలోమీటర్లకు దాదాపు 7.8 మీటర్లవుతుంది. ఈ సవరణ లెక్కించడానికి భూమి వ్యాసం తెలియాలి. పికార్ ఆ వ్యాసాన్ని స్వయంగా కొలిచినవాడు కనుక, ఏ దూరానికి ఎంత తగ్గించాలో చూపే పట్టికను తయారు చేయగలిగాడు. యంత్రాన్ని రెండు కర్రలకు సరిగ్గా నడుమ నిలిపితే భూమి వంపు వలన, యంత్రపు దోషం వలన వచ్చే తప్పులు రెండువైపులా సమానమై రద్దవుతాయని కూడా వివరించాడు. నేటికీ పాఠశాలలలో, క్షేత్రాలలో ఈ నియమాన్నే బోధిస్తున్నారు.

వెర్సాయ్ నీటి సమస్య

పద్నాలుగవ లూయీ వెర్సాయ్‌లో నిర్మించుకొన్న ప్రాసాదం చుట్టూ విశాలమైన ఉద్యానవనాలు, వందలకొద్దీ జలయంత్రాలు ఉండేవి. వాటికి చాలినంత నీరు మాత్రం అక్కడ లేదు. ఆ ప్రదేశం పెద్ద నదులకు ఎడంగా, మెట్ట మీద ఉన్నది. సమీపంలోని చెరువు నుండి పంపులతో ఎత్తిపోసిన నీరు చాలేది కాదు.

1674లో పియెర్ పోల్ రికే ఒక పథకంతో ముందుకు వచ్చాడు. ఈయన సామాన్యుడు కాడు. అట్లాంటిక్ వైపు నుండి మధ్యధరా సముద్రానికి జలమార్గం కలుపుతూ దక్షిణ ఫ్రాన్సులో మహా కాలువను త్రవ్విస్తున్నవాడు. లోయిర్ నది నుండి కాలువ త్రవ్వి వెర్సాయ్‌కి నీరు పారిస్తానని ఆయన అన్నాడు. కాలువల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. రాజుకు ఆశ కలిగింది. కోల్బెర్ కూడా మొగ్గు చూపాడు.

రాజభవన నిర్మాణాల పర్యవేక్షణలో కోల్బెర్‌కు తోడ్పడుతున్న అధికారి షార్ల్ పెరో మాత్రం సందేహించాడు. సిండ్రెల్లా కథను వ్రాసిన రచయితగా పిల్లలకు కూడా పరిచితుడైన పెరోయే ఈయన. ధనం ఖర్చు పెట్టేముందు పికార్ చేత మట్టం తీయించాలని ఆయన పట్టుబట్టాడు. రికే అనుభవజ్ఞుడైన నిర్మాత. పికార్ అంతవరకు ఒక్క కాలువ కూడా త్రవ్వి ఎరుగడు, ఆయన దగ్గర ఉన్నవి ఒక దూరదర్శిని, ఒక గుండు దారం, ఓపిక మాత్రమే. తప్పు తేలితే రాజు ఇష్టపడిన పథకాన్ని అకారణంగా చెడగొట్టినవాడవుతాడు. మొహమాటపడి ఊరుకొంటే అపారమైన ధనం, వేలమంది కూలీల శ్రమ నేలపాలవుతాయి.

పికార్ మట్టాలు తీసి, లోయిర్ నీరు ప్రతిపాదించిన రీతిగా వెర్సాయ్‌కి పారదని తేల్చాడు. నది కంటె ప్రాసాదమే ఎత్తుగా ఉన్నది. నేటి పటాలు దీనిని ధ్రువపరుస్తున్నాయి. ఓర్లియాన్ వద్ద లోయిర్ సముద్రమట్టానికి సుమారు 90 మీటర్ల ఎత్తున ప్రవహిస్తుండగా, వెర్సాయ్ ప్రాసాదం 130 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది. చాలినంత ఎత్తు కావాలంటే ఏటికి ఎదురుగా చాలా దూరం పోవాలి. అప్పుడు కాలువ పొడవు, ఖర్చు అసాధ్యమవుతాయి. పథకం విరమించబడింది. రికే వంటి ప్రతిభావంతుడు ఇక్కడ పొరబడినది నిర్మాణ నైపుణ్యంలో కాదు. కొలవకముందే మాట ఇవ్వడంలోనే.

పికార్ కాదని చెప్పి ఊరుకోలేదు. వెర్సాయ్ పరిసరాల మెట్టప్రాంతాలకు మట్టాలు తీసి, త్రాప్ సమీపంలోని నేల ఉద్యానవనాల కంటె ఎత్తున ఉన్నదని చూపాడు. అక్కడి వాననీటిని చెరువులలో నిలిపి, పంపుల అవసరం లేకుండానే పారించవచ్చునన్నాడు. ఆ ప్రకారమే చెరువులు, కాలువలు నిర్మించి నీరు తెచ్చారు. దూరపు మహానది నుండి రాని నీరు ఇరుగుపొరుగు వానచెరువుల నుండి వచ్చింది. అది కూడా రాజుగారి జలయంత్రాల దాహాన్ని పూర్తిగా తీర్చలేదన్నది వేరే సంగతి.

ఫ్రాన్సు తీరరేఖ

1679 నుండి 1681 వరకు పికార్, ఫిలిప్ ద లా ఇర్ కలిసి ఫ్రాన్సు తీరప్రాంత పట్టణాల స్థానాలను నిర్ణయించారు. రేఖాంశాలకు బృహస్పతి ఉపగ్రహాల గ్రహణాలను ఆధారం చేసుకొన్నారు. పాత పటాలు పశ్చిమ తీరాన్ని సముద్రంలోకి చాలా దూరం జరిపి చూపినట్లు తేలింది. దేశ విస్తీర్ణం పటంలో బాగా తగ్గిపోయింది. శత్రువుల కంటె తన పండితులే ఎక్కువ రాజ్యం పోగొట్టారని రాజు పరిహాసమాడినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1679 నుండి వెలువడిన ఫ్రెంచి ఖగోళ పంచాంగానికి ప్రారంభకుడు కూడా పికారే.

మరణానంతరం

పికార్ 1682లో పారిస్‌లో మరణించాడు. తాను వ్రాసిన మట్టపు కొలత గ్రంథాన్ని అచ్చులో చూచుకోలేదు. లా ఇర్ దానిని పరిష్కరించి 1684లో ప్రచురించాడు. రాజాజ్ఞపై తీసిన మట్టాల వివరాలు కూడా అందులో చేర్చబడ్డాయి.

అదే కాలంలో వెర్సాయ్‌కి ఊర్ నది నీటిని తెచ్చే మరొక పథకం బయలుదేరింది. ఈసారి ముందుగానే లా ఇర్ చేత మట్టాలు తీయించారు. పాంగ్వెన్ గ్రామం వద్ద నది వెర్సాయ్ కంటె ఎత్తున ఉన్నదని తేలిన తరువాతనే పని మొదలైంది. మట్టం సరిపోయింది గాని కాలం కలిసి రాలేదు. 1688లో యుద్ధం రావడంతో పని ఆగి, మరల సాగలేదు. సగంలో నిలిచిన వంతెన కమానులు మాంతెనాన్ వద్ద నేటికీ ఉన్నాయి.

దేశమంతటా త్రిభుజాలతో సర్వే జరపాలని పికార్ 1681లో చేసిన సూచనను అనుసరించి, కసీనీ వంశీయులు పారిస్ యామ్యోత్తర రేఖను ఉత్తర, దక్షిణ సరిహద్దుల వరకు పొడిగించారు. ఆ పని 1718లో పూర్తయింది.

చంద్రునిపై ఒక బిలానికి పికార్ పేరు పెట్టారు. సూర్యబింబ వ్యాసాన్ని ఈయన శ్రద్ధగా కొలిచిన కారణంగా, అదే పని కోసం ఫ్రాన్సు 2010లో ప్రయోగించిన ఉపగ్రహానికి కూడా పికార్ అని పేరు పెట్టారు. అది 2014 వరకు పనిచేసింది.