తొరపల్లి రాజాజీ

మన జవళగిరి వాళ్లకు రాజాజీ పరాయివారు కారు. 1878 డిసెంబరు 10న హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టారు. తండ్రి ఆ ఊరి మునసబు. ఇంట్లో మాట్లాడేది తమిళం, చుట్టుపక్కల వినిపించేది తెలుగు, కన్నడం. ఊరి బడిలో, తర్వాత హోసూరు బడిలో చదివి, బెంగళూరు, మద్రాసుల్లో పైచదువులు ముగించి, సేలంలో వకీలయ్యారు. గాంధీజీ బాటలో నడిచి, 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకెళ్లారు.

1937లో మద్రాసు ప్రభుత్వాధినేత అయ్యారు. మరుసటి ఏడే కొన్ని బడుల్లో హిందీని తప్పనిసరి చేశారు. జనం తిరగబడ్డారు. 1940లో ఆ ఉత్తర్వు రద్దయింది. 1948లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన భారతీయుడు ఆయనొక్కరే.

1952లో ముఖ్యమంత్రిగా వచ్చి, మరుసటి ఏడు బడివేళలు తగ్గించారు. మిగిలిన పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. కులవృత్తికే కట్టేస్తారా అని జనం ఎదిరించారు. 1954లో పదవి వదిలారు, ఆ పథకమూ పోయింది.

హిందీని బలవంతంగా రుద్దవద్దని తర్వాతి కాలంలో గట్టిగా వాదించినవారూ ఆయనే. 1972 డిసెంబరు 25న కన్నుమూశారు.

అంతటి మేధావి ఉత్తర్వులు కూడా తల్లిదండ్రులు ఒప్పుకోనిదే బడిలో నిలవలేదు. మన పిల్లల తెలుగు చదువు విషయంలోనూ అంతే. సర్కారు ఉత్తర్వు ఒక్కటే చాలదు, పిల్లల్ని తెలుగు బడిలో చేర్చాల్సింది మనమే.