గర్భిణి మాత్ర వెనుక మన సుబ్బారావు

డాక్టరమ్మ గర్భిణులకు రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఒక తెలుగువాడున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసులో వైద్యం చదివి, భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు. ఆవిడ మళ్ళీ ఆయన్ని చూడనే లేదు. 1945లో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకి అదే మందయింది. 1948లో 53 ఏళ్ళకే కన్నుమూశారు.

నెల తప్పక ముందునుంచే వేసుకుంటే ఆ మాత్ర బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు రాకుండా కాపాడుతుంది. డౌన్ సిండ్రోమ్ మాటేమిటి? అది 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ కావడంవల్ల వస్తుంది. ఫోలేటును ఒంటికి పట్టించే జన్యువులో తేడా ఉన్న తల్లులకు ఆ ముప్పు ఎక్కువేమోనని 1999లో ఒక పరిశోధన చెప్పింది. తర్వాతివి కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. తల్లి వయసుతో ముప్పు పెరుగుతుందన్నది మాత్రం ఖాయం.

చిల్కూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి పండంటి బిడ్డ కోసం మొక్కుకునే అమ్మాయిలూ, మొక్కుతోపాటు మాత్రా మరవకండి. అత్తగార్లూ, అలాంటి బిడ్డ పుడితే కోడల్ని ఆడిపోసుకోకండి. జన్యువుల్ని ఎవరూ ఏరి తెచ్చుకోరు కదా!