దంతవైద్యుడు హోరేస్ వెల్స్

పంటినొప్పి కంటె పంటివైద్యుని కుర్చీకే ఎక్కువగా భయపడేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. నేడు అట్టివారి ముక్కుపై చిన్న తొడుగు ఉంచి, ప్రాణవాయువుతో కలిపిన నైట్రస్ ఆక్సైడును పీల్పిస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు, పిలిస్తే పలుకుతాడు, కాని భయం సడలిపోతుంది. చిగుళ్ళు తిమ్మిరెక్కడానికి అవసరమైన సూదిమందు వేరుగా ఇస్తారు. ఈ వాయువును దంతవైద్యంలోనికి తెచ్చినవాడు అమెరికా దేశీయుడైన హోరేస్ వెల్స్. అందుకు ఆయనకు జీవితకాలంలో దక్కిన ప్రతిఫలం అవమానమే.

వెల్స్ 1815 జనవరి 21వ తేదీన వెర్మాంట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించినాడు. బోస్టన్‌లో దంతవైద్యం అభ్యసించి, 1836లో కనెక్టికట్ రాష్ట్రంలో అదే పేరు గల మరొక పట్టణంలో వృత్తి ఆరంభించినాడు. ఇరవై మూడేండ్ల వయస్సులోనే దంతసంరక్షణను గూర్చి చిన్న పుస్తకం ప్రకటించినాడు. హస్తవాసి మంచిదని పేరు వచ్చింది. కాని ఆ రోజులలో పన్ను తీయడమంటే స్పృహలో ఉన్న మనిషి నోటిలో పట్టకారు పెట్టి పెరకడమే. ఎంతటి హస్తవాసి అయినా ఆ బాధను తప్పించలేదు.

1844 డిసెంబరు 10వ తేదీ సాయంకాలం గార్డ్‌నర్ కోల్టన్ అనే ఆయన హార్ట్‌ఫర్డ్‌లో నవ్వు పుట్టించే వాయువు ప్రదర్శన జరిపినాడు. పావు డాలరు టిక్కెట్టు. కొందరు నైట్రస్ ఆక్సైడు పీల్చి మైకంలో గంతులు వేస్తుంటే తక్కినవారు చూచి నవ్వడం ఆనాటి నాగరికుల వినోదం! శామ్యూల్ కూలీ అనే యువకుడు ఆ మైకంలో కాలు గాయపరచుకొన్నాడు. గాయమైన సంగతి అతనికి తెలియనే లేదు. అది వెల్స్ కంటబడింది. ఈ వాయువు శస్త్రచికిత్సలో నొప్పిని పోగొట్టవచ్చునని ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1800లోనే వ్రాసి ఉన్నాడు. నలుబది నాలుగేండ్లపాటు ఆ మాట పుస్తకంలోనే పడి ఉన్నది.

మరునాడే వెల్స్ కోల్టన్‌ను రప్పించి, రోగి కుర్చీలో తానే కూర్చున్నాడు. కోల్టన్ వాయువు పీల్పించగా, జాన్ రిగ్స్ అనే సాటి దంతవైద్యుడు వెల్స్ దవడపన్ను పెరికినాడు. నొప్పి తెలియలేదు. ఆ మైకం నుంచి తేరుకొంటాడో లేదో ముందుగా చెప్పగలవారు ఆ గదిలో లేరు. ఇతరుల మీద ప్రయోగించక ముందు తన దేహాన్నే ఒడ్డిన ఆ సాహసం మెచ్చదగినది. ఆ సాహసమే చివరకు ఆయనను కబళించింది. తరువాత కొద్ది వారాలలో సుమారు పన్నెండు, పదిహేను మందికి ఆయన ఈ వాయువు సాయంతో పండ్లు తీసినాడు.

ఈ విద్యను దాచుకొని ధనం గడించే ఉద్దేశం వెల్స్‌కు లేదు. 1845 జనవరిలో బోస్టన్ వెళ్ళి, ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ కాలిన్స్ వారెన్ అనుమతితో వైద్యవిద్యార్థుల ఎదుట ఒకని పన్ను తీసినాడు. వాయువు సంచిని కొంచెం ముందుగా తొలగించడం జరిగింది. పన్ను ఊడే వేళ రోగి అరిచినాడు. అంతే! మోసమని సభలో కేకలు చెలరేగినవి. తనకు బాధ అంతగా తెలియలేదని రోగి తరువాత చెప్పినా ప్రయోజనం లేకపోయింది. ఇందులో వాయువు స్వభావం కూడ కొంత కారణం. నైట్రస్ ఆక్సైడు బలమైన మత్తుమందు కాదు; త్వరగా ఎక్కి త్వరగా దిగిపోతుంది. స్పృహ పూర్తిగా పోకుండానే భయాన్ని, బాధను తగ్గించడం దాని గుణం. నేటి దంతవైద్యులు కోరి వాడుకొనేది ఆ గుణాన్నే. నాటి సభకు కావలసినది మాత్రం రోగి మౌనం.

ఆ మౌనాన్ని చూపినవాడు ఒకప్పుడు వెల్స్‌కు శిష్యుడూ, కొంతకాలం భాగస్వామీ అయిన విలియం మోర్టన్. 1846 అక్టోబరు 16వ తేదీన మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఆయన ఈథరు పీల్పించగా, అదే వారెన్ రోగి మెడపై గడ్డను కోసినాడు. కీర్తి మోర్టన్ పాలయింది. వెల్స్ అప్పటికి ఆరోగ్యం చెడి, వృత్తిని చాలవరకు మానుకొన్నాడు. పారిస్ వెళ్ళి తన వాదం వినిపించినాడు. 1847లో దానిని పుస్తకంగా ప్రకటించినాడు.

1848 జనవరిలో న్యూయార్క్ చేరి, కొత్తగా వచ్చిన క్లోరోఫారమును మళ్ళీ తనమీదనే ప్రయోగించసాగినాడు. మతి చలించింది. ముప్పది మూడవ జన్మదినాన వీధిలో స్త్రీలపై ఆమ్లం చల్లి చెరసాల పాలైనాడు. మైకం దిగిన పిదప చేసినది తెలిసివచ్చింది. ఆ నెల 24వ తేదీన అక్కడే ఆత్మహత్య చేసుకొన్నాడు. భార్య ఎలిజబెత్, ఎనిమిదేండ్ల కుమారుడు మిగిలినారు. నొప్పి లేని శస్త్రచికిత్సకు ప్రథముడు వెల్సేనని గుర్తిస్తూ పారిస్ వైద్యసంఘం పంపిన వార్త అందేనాటికి ఆయన లేడు.

1863లో వాయువును దంతవైద్యంలో తిరిగి ప్రవేశపెట్టినవాడు ఆ వినోదప్రదర్శనల కోల్టనే. దానికి ప్రాణవాయువును జోడించే పద్ధతిని 1868లో షికాగో శస్త్రవైద్యుడు ఎడ్మండ్ ఆండ్రూస్ ప్రకటించినాడు. అమెరికా దంతవైద్యసంఘం 1864లోనూ, వైద్యసంఘం 1870లోనూ ఘనత వెల్స్‌దేనని ఒప్పుకొన్నవి. 1875లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని బుష్‌నెల్ ఉద్యానవనంలో ఆయన విగ్రహం వెలసింది. బోస్టన్‌లోనూ 1868లో ఈథరుకు ఒక స్మారకస్తంభం నిలిపినారు. దానిమీద దానిని కనిపెట్టినవాని పేరు లేదు.