పంతులుగారి యిల్లు

ఐనవిల్లి సిద్ధివినాయకుని దర్శించి, రావులపాలెము మీదుగా గౌతమిని దాటి రాజమహేంద్రవరము చేరు విద్యార్థులు చూడదగిన యిల్లొకటి కలదు. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి పూర్వుల గృహము. నేడది స్మారక ప్రదర్శనశాల. ఎవరైనను లోనికి పోయి చూడవచ్చును.

1848 ఏప్రిల్ 16న జన్మించిన పంతులుగారు నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయిరి. పెదతండ్రి పెంపకమున పెరిగి, చదివి, ఉపాధ్యాయులైరి. 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల తెరచిరి. ఆ యేడే ‘వివేకవర్ధని’ పత్రికను నెలకొల్పిరి.

1881 డిసెంబరు 11న ఈ యింటనే వారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఊరు వెలివేసెను. వంటవారు మానివేసిరి, నీరు తెచ్చువారును రారైరి. అప్పుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి నడచి నీళ్లు మోసిరి, వంట చేసిరి. చరిత్ర భర్త పేరునే పెద్దగా వ్రాసినది గాని, ఆమె మోసిన యా బిందెలు లేనిదే యా పెండ్లిండ్లు సాగెడివి కావు.

1906లో హితకారిణీ సమాజమును స్థాపించి పంతులుగారు తమ యాస్తిని దానికి ధారపోసిరి. 1910లో ఆమెయు, 1919 మే 27న మద్రాసులో వారును కన్నుమూసిరి.

ఉపాధ్యాయులారా! పిల్లలను ఆ గడపకడ నొక్క నిమిషము నిలుపుడు. ఊరు తలుపులు మూసిన నాడు ఈ తలుపు తెరచియే యుండెనని చెప్పుడు.