డ్యూక్ కహనమోకు

డ్యూక్ కహనమోకు (1890 ఆగస్టు 24 – 1968 జనవరి 22) హవాయి దీవులకు చెందిన సుప్రసిద్ధ ఈతగాడు. ఒలింపిక్ క్రీడలలో మూడు స్వర్ణ పతకాలు, రెండు రజత పతకాలు సాధించాడు. పలకపై నిలబడి కెరటాల మీద స్వారీ చేసే సర్ఫింగు క్రీడను ప్రపంచమంతటా వ్యాప్తి చేసినందున ఇతడిని ఆధునిక సర్ఫింగు పితామహుడిగా పరిగణిస్తారు. నేడు ఉష్ణమండల దీవులకు విహారయాత్రకు వెళ్ళేవారు సర్ఫింగును ఒక వినోదముగా నేర్చుకుంటారు. డ్యూక్ పుట్టిన కాలానికి అది అంతరించిపోతున్న ఒక జాతి విద్య. అది ఆ స్థితి నుండి ఈ స్థితికి చేరిన చరిత్రలో ఎక్కువ భాగము ఇతని జీవితమే.

నేపథ్యము

హవాయి దీవులు పసిఫిక్ మహాసముద్రము మధ్యలో ఉన్నాయి. అక్కడి ఆదివాసులు కెరటాల స్వారీని హే ఎ నలు అని పిలిచేవారు. కెరటము మీద జారడము అని దీని అర్థము. రాజులు, సామాన్యులు, స్త్రీలు, పురుషులు అందరూ ఇందులో పాల్గొనేవారు. పొడవైన బరువైన పలకలను రాజవంశీకులు, పొట్టి పలకలను సామాన్యులు వాడేవారు.

1778లో ఆంగ్లేయ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ ఈ దీవులకు చేరిన తరువాత బయటినుండి వచ్చిన అంటువ్యాధుల వలన స్థానిక జనాభా దారుణముగా క్షీణించింది. 1890 జనాభా లెక్కల నాటికి మిశ్రమ సంతతితో కలిపి హవాయీయులు సుమారు 40 వేల మంది మాత్రమే మిగిలారు. 1820లో వచ్చిన క్రైస్తవ మత ప్రచారకులు పాత ఆటపాటలను ప్రోత్సహించలేదు. చెరకు తోటల వ్యవసాయము పెరగడముతో తీరిక కూడా తగ్గింది. ఈ కారణాలన్నిటి వలన పందొమ్మిదవ శతాబ్దము చివరికి కెరటాల స్వారీ కొద్ది తీరాలకే పరిమితమైంది.

బాల్యము, కుటుంబము

డ్యూక్ ఓహు దీవిలోని హొనొలులు నగరములో జన్మించాడు. డ్యూక్ అన్నది ఇతని పేరే గాని బిరుదు కాదు. 1869లో ఎడిన్‌బరో డ్యూక్ హవాయిని సందర్శించాడు. ఆ సందర్భానికి గుర్తుగా తండ్రికి ఆ పేరు పెట్టారు. పెద్ద కొడుకుగా ఇతనికి అదే పేరు వచ్చింది. తండ్రి పోలీసు శాఖలో పనిచేసేవాడు. తల్లి జూలియా పావోవా. తొమ్మిది మంది సంతానములో ఆరుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు.

ఇతనికి మూడేళ్ళు నిండకముందే, 1893లో, రాణి లిలియుఓకలానిని గద్దె దింపి హవాయి రాజ్యాన్ని రద్దు చేశారు. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకుంది. అందువలన డ్యూక్ ఒక స్వతంత్ర రాజ్యములో పుట్టి, పరాయి పాలనలో పెరిగాడు. తరువాత ఒలింపిక్ పోటీలలో ఆ పరాయి దేశపు పతాకము కిందనే పాల్గొన్నాడు.

కుటుంబము వైకీకీ తీరములోని కాలియా అనే చోట నివసించేది. పిల్లలు రోజంతా నీటిలోనే గడిపేవారు. డ్యూక్ కమేహమేహా పాఠశాలలో కొంతకాలము చదివినా, కుటుంబానికి సాయపడవలసి రావడముతో చదువు పూర్తి కాలేదు.

వైకీకీ తీరము

డ్యూక్ చిన్నతనములో వైకీకీ చుట్టూ చేమ మళ్ళు, చేపల చెరువులు ఉండేవి. 1901లో అక్కడ మోవానా హోటలు ప్రారంభమైంది. ఓడలలో వచ్చే ధనిక పర్యాటకులకు వినోదము అవసరమైంది. స్థానిక యువకులు వారిని పక్కకొయ్య అమర్చిన పడవలలో కెరటాల మీదికి తీసుకువెళ్ళేవారు, ఈత నేర్పేవారు, సర్ఫింగు చూపించేవారు. వీరిని బీచ్ బాయ్స్ అనేవారు. దీవి విహారయాత్రలో నేడు కనబడే కార్యక్రమాలలో చాలావాటికి ఇక్కడే నాంది పడింది. 1920లలో మురుగు కాలువ తవ్వించి పరిసరాలలోని మళ్ళను, చెరువులను పూడ్చివేశారు. వైకీకీ హోటళ్ళ పేటగా మారింది.

1908లో వైకీకీలో అవుట్‌రిగ్గర్ కానో క్లబ్బు ఏర్పడింది. అందులో సభ్యులు ఎక్కువగా తెల్లవారు. డ్యూక్, అతని మిత్రులు 1911లో హుయి నలు అనే సంఘాన్ని అధికారికముగా నెలకొల్పారు. కెరటాల సంఘము అని దాని అర్థము. సభ్యులలో అధికులు స్థానికులే. డ్యూక్ వాడిన ఒక పలక పాత రాజుల పలకల నమూనాలో కోవా కర్రతో చేసినది. దాని పొడవు 16 అడుగులు, బరువు సుమారు 52 కిలోలు.

1911 నాటి పోటీ

1911 ఆగస్టు 11న హొనొలులు ఓడరేవులో జరిగిన ఈత పోటీలో డ్యూక్ 100 గజాల దూరాన్ని 55.4 సెకన్లలో ఈదాడు. ఇది అప్పటి ప్రపంచ రికార్డు కంటే నాలుగు సెకన్లకు పైగా తక్కువ. అమెరికా అమెచ్యూర్ క్రీడా సమాఖ్య ఈ ఫలితాన్ని నమ్మలేదు. గడియారాలు సరిగా లేవని, నీటి ప్రవాహము తోడ్పడి ఉంటుందని అనుమానించి రికార్డును అప్పట్లో గుర్తించలేదు. హొనొలులు ప్రజలు చందాలు వేసుకుని డ్యూక్‌ను అమెరికా ప్రధాన భూభాగానికి పంపించారు. అక్కడి ఎంపిక పోటీలలో నెగ్గి ఇతడు ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించాడు.

ఒలింపిక్ క్రీడలు

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో డ్యూక్ 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో స్వర్ణము, 4×200 మీటర్ల రిలేలో రజతము సాధించాడు. సెమీఫైనల్ సమయములో పొరపాటు వలన అమెరికా ఈతగాళ్ళు హాజరు కాలేదు. వారికి మరొక అవకాశము ఇవ్వాలని వాదించినవారిలో ఆస్ట్రేలియా ఈతగాడు సెసిల్ హీలీ ఒకడు. ప్రత్యేక పోటీ ఏర్పాటయింది. ఫైనల్‌లో డ్యూక్ మొదటి స్థానములో, హీలీ రెండవ స్థానములో నిలిచారు. డ్యూక్ లేకుంటే స్వర్ణము హీలీకే దక్కే అవకాశము ఉండేది. హీలీ 1918లో మొదటి ప్రపంచ యుద్ధములో మరణించాడు.

1916 క్రీడలు యుద్ధము వలన రద్దయ్యాయి. 1920 ఆంట్‌వెర్ప్ క్రీడలలో 30 ఏళ్ళ వయసులో డ్యూక్ 100 మీటర్లలోను, రిలేలోను స్వర్ణాలు గెలిచాడు. తనకు అడ్డము వచ్చారన్న ఒక ఈతగాడి ఫిర్యాదు మీద 100 మీటర్ల ఫైనల్‌ను మళ్ళీ నిర్వహించగా, రెండవసారి కూడా డ్యూక్‌దే మొదటి స్థానము. 1924 పారిస్ క్రీడలలో 100 మీటర్ల స్వర్ణము జానీ వైస్‌ముల్లర్‌కు, రజతము డ్యూక్‌కు, కాంస్యము డ్యూక్ తమ్ముడు శామ్యూల్‌కు లభించాయి.

సర్ఫింగు వ్యాప్తి

డ్యూక్ ఈత పోటీల కోసము ఎక్కడికి వెళ్ళినా వీలున్న చోట సర్ఫింగు ప్రదర్శించేవాడు. అమెరికా తూర్పు, పశ్చిమ తీరాలలో జనము గుమిగూడి చూసేవారు. 1914 డిసెంబరులో ఆస్ట్రేలియా వెళ్ళినపుడు వెంట పలక తీసుకుపోలేదు. స్థానికముగా దొరికిన పైన్ కర్రతో అక్కడే ఒక పలక తయారుచేసి సిడ్నీ సమీపములోని ఫ్రెష్‌వాటర్ తీరములో ప్రదర్శన ఇచ్చాడు. 1915లో ఇసబెల్ లెథమ్ అనే బాలికను తన పలక మీద ఎక్కించుకుని కెరటాలపై స్వారీ చేశాడు. తరువాతి కాలములో ఆస్ట్రేలియా సర్ఫింగులో అగ్రదేశాలలో ఒకటైంది. డ్యూక్ తయారుచేసిన ఆ పలక ఫ్రెష్‌వాటర్ ప్రాణరక్షక సంఘము వద్ద భద్రముగా ఉంది. 1915లోనే ఇతడు న్యూజిలాండ్‌లో కూడా ప్రదర్శనలిచ్చాడు.

1925 పడవ ప్రమాదము

1925 జూన్ 14న కాలిఫోర్నియాలోని కరోనా డెల్ మార్ తీరములో థెల్మా అనే పడవ పెద్ద కెరటాల తాకిడికి తిరగబడింది. మిత్రులతో ఒడ్డున ఉన్న డ్యూక్ తన పలకతో నీటిలోకి దూకాడు. తిరిగి తిరిగి వెళ్ళి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. అతని తోటి సర్ఫర్లు మరో నలుగురిని కాపాడారు. ఐదుగురు మరణించారు.

మునిగిపోయేవారు పట్టుకుని తేలడానికి పలక ఎంత ఉపయోగమో ఈ ఘటన చాటింది. ఒట్టి చేతులతో ఈదుకుంటూ వెళ్ళే రక్షకుడిని, మునిగేవారు భయముతో పట్టుకుని తమతోపాటు లాగివేసే ప్రమాదము ఉంది. పలక ఉంటే ఇద్దరికీ ఆధారము. ఆ తరువాత తీరాలలో లైఫ్‌గార్డులు పలకను ముఖ్య సాధనముగా వాడడము పెరిగింది.

తెలుగు తీరముతో పోలిక

కెరటము మీద కర్రతో నిలబడడము తెలుగువారికి కొత్త కాదు. పూడిమడక, రేవు పోలవరము, ముత్యాలమ్మపాలెము మొదలగు ఊళ్ళు గల అనకాపల్లి తీరము సహా కోస్తా అంతటా మత్స్యకారులు దుంగలను కలిపి కట్టిన తెప్పలపై విరిగే కెరటాలను దాటి వేటకు వెళ్ళేవారు. ఫైబరు పడవల రాకతో తెప్పలు తగ్గాయి. హవాయిలో విహారముగా మారిన విద్య ఇక్కడ జీవనోపాధిగానే మిగిలింది.

సెలవు దినాలలో ఇదే తీరానికి వచ్చే పట్టణవాసులకు మాత్రము కెరటాల తీరు తెలియదు. 2022 జూలై 29న పూడిమడక వద్ద సముద్రములో దిగిన అనకాపల్లి ప్రాంతపు ఇంజనీరింగు విద్యార్థులలో పలువురు కొట్టుకుపోయి మరణించారు. తీరము నుండి లోపలికి లాగే ప్రవాహములో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే త్వరగా అలసిపోతారు. తీరానికి సమాంతరముగా ఈది ప్రవాహము దాటిన తరువాత ఒడ్డుకు రావడము, సాధ్యము కాకపోతే తేలుతూ చేయి ఎత్తి సాయము కోరడము క్షేమకరమైన పద్ధతులు. కరోనా డెల్ మార్ ఘటన చూపినది కూడా, సముద్రము తెలిసిన మనిషి, చేతిలో ఒక పలక ఒడ్డున ఉంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయన్నదే.

ఉద్యోగము, జీవనము

ఇంత కీర్తి వచ్చినా డ్యూక్ ధనవంతుడు కాలేదు. అప్పటి అమెచ్యూర్ నియమాల ప్రకారము క్రీడ ద్వారా డబ్బు తీసుకున్నవారు ఒలింపిక్ క్రీడలకు అనర్హులు. 1912లో ఇతనితోపాటు స్టాక్‌హోమ్ వెళ్ళిన జిమ్ థోర్ప్, అంతకు ముందు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడన్న కారణముగా 1913లో పతకాలు కోల్పోయాడు. అందువలన డ్యూక్ చాలా జాగ్రత్తగా ఉండవలసి వచ్చింది. 1920లలో హాలీవుడ్ చిత్రాలలో చిన్న పాత్రలు వేశాడు. అవి ఎక్కువగా గిరిజన నాయకుడి వంటి వేషాలే. అమెరికా ప్రధాన భూభాగములో శరీరపు రంగు కారణముగా అవమానాలు కూడా ఎదుర్కొన్నాడు.

హవాయికి తిరిగివచ్చి పెట్రోలు బంకు నడిపాడు. 1930ల నుండి 1961లో ఆ పదవి రద్దయ్యే వరకు వరుసగా 13 పర్యాయాలు హొనొలులు షెరీఫ్‌గా ఎన్నికయ్యాడు. 1940 ఆగస్టు 2న నాడీన్ అలెగ్జాండర్‌ను వివాహము చేసుకున్నాడు. వీరికి సంతానము లేదు. 1959లో హవాయి అమెరికాలో 50వ రాష్ట్రమైంది. షెరీఫ్ పదవి పోయిన తరువాత ఇతడిని అతిథులను స్వాగతించే అధికారిక ప్రతినిధిగా నియమించారు. 1966లో బ్రిటన్ రాజమాత ఎలిజబెత్ వచ్చినపుడు విమానాశ్రయములో ఆమెతో హులా నాట్యము చేశాడు.

మరణము

1968 జనవరి 22న 77 ఏళ్ళ వయసులో డ్యూక్ గుండెపోటుతో మరణించాడు. అంతిమ యాత్ర వైకీకీ తీరము వరకు సాగింది. పక్కకొయ్య పడవల బారు సముద్రములోకి వెళ్ళి, ఇతడు కెరటాలపై స్వారీ చేసిన చోటనే చితాభస్మాన్ని నీటిలో కలిపింది.

గుర్తింపు

1965లో అంతర్జాతీయ ఈత ప్రముఖుల మందిరములో డ్యూక్‌కు స్థానము లభించింది. 1990లో శతజయంతి సందర్భముగా వైకీకీ తీరములో కాంస్య విగ్రహము నెలకొల్పారు. ఆ విగ్రహము వీధి వైపు తిరిగి ఉండగా సముద్రము వెనుక ఉంటుంది. సముద్రము తెలిసినవాడు దానికి వీపు చూపడని స్థానికులు పలువురు విమర్శించారు. పర్యాటకులు మాత్రము నిత్యము ఆ విగ్రహానికి పూలదండలు వేసి ఫొటోలు తీసుకుంటారు. 2002లో అమెరికా తపాలా శాఖ ఇతని పేర స్టాంపు విడుదల చేసింది.

సర్ఫింగును ఒలింపిక్ క్రీడలలో చేర్చాలని డ్యూక్ కోరుకున్నాడు. ఆ కోరిక ఇతని మరణము తరువాత అర్ధ శతాబ్దానికి పైగా గడిచాక, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో నెరవేరింది. మహిళల విభాగములో తొలి స్వర్ణము హవాయి ఆదివాసి సంతతికి చెందిన కరీసా మూర్‌కు దక్కింది. ఆమె కూడా డ్యూక్ వలెనే హొనొలులులో జన్మించింది.